పాఠకుల ప్రశ్నలు: దిగుమతులు ఆపేస్తే దేశం తన కాళ్ల మీద నిలబడుతుందా?

అప్పులు తీర్చలేక చేతులెత్తేసిన దేశాల గురించి గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి పాఠకులు రాసిన ఉత్తరాల్లో అధిక భాగం ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నాయి. సంక్షోభంలో కూరుకుపోయిన దేశం ఎవరి మీదా ఆధారపడకుండా బతకగలదా, బతకాలంటే ఏం చేయాలి అన్నదే ఆ సందేహం. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయించాము.

ప్రశ్న: విదేశీ అప్పుల వాయిదాలు కట్టలేని స్థితికి చేరిన దేశం ఆ రోజు నుంచే దిగుమతులన్నీ నిలిపివేసి, కావలసినవన్నీ తానే తయారు చేసుకుంటే గట్టెక్కుతుంది కదా? ప్రభుత్వాలు అలా ఎందుకు చేయవు?
– ఒక బి.కాం. విద్యార్థి

జవాబు: మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. స్వయం సమృద్ధి అంటే అవసరమైన ప్రతి వస్తువునూ దేశంలోనే పండించుకోవడం, తయారు చేసుకోవడం. స్వావలంబన అంటే బయటి నుంచి తెచ్చుకునే వాటికి ఎవరి ముందూ చేయి చాచకుండా సొంత సంపాదనతో ధర చెల్లించగలగడం. ఆధునిక కాలంలో మొదటిది ఏ దేశానికీ పూర్తిగా చిక్కలేదు. రెండవది చాలా దేశాలు సాధించాయి, కొన్ని సాధించి పోగొట్టుకున్నాయి కూడా. సంక్షోభంలో ఉన్న దేశం మొదటిదాని వెంట పడితే రెండవది కూడా చేజారిపోతుందన్నది మా అభిప్రాయం.

మీరు చెప్పిన తరహా సంక్షోభంలో పొలాలు, కర్మాగారాలు, పని తెలిసిన మనుషులు నిన్న ఎలా ఉన్నారో నేడూ అలాగే ఉంటారు, లేనిది డాలర్లే. 1991లో భారతదేశానికి ఎదురైన పరిస్థితి ఇదే. కువైట్‌ను ఇరాక్ ఆక్రమించిన తరువాత చమురు ధర ఎగబాకడంతో, అప్పటికే సన్నగిల్లిన మారకద్రవ్య నిల్వలు, అంటే విదేశీ చెల్లింపుల కోసం దాచుకున్న డాలర్లు, రెండు మూడు వారాల దిగుమతులకు మించి సరిపోని స్థితికి చేరాయి. అప్పుడు దిగుమతులను బిగపట్టే ప్రయత్నం గట్టిగానే జరిగింది. సరకు విలువకు మించిన నగదును ముందుగానే బ్యాంకులో జమ చేయాలని దిగుమతిదారులకు షరతు పెట్టారు. దానివల్ల డాలర్లు కొంత మిగిలిన మాట నిజమే కానీ, ముడిసరకులు, విడిభాగాలు అందక 1991-92లో పారిశ్రామిక ఉత్పత్తి పెరుగుదల దాదాపు ఆగిపోయింది.

అలా ఎందుకు జరుగుతుందో తెలుసుకోవాలంటే దిగుమతుల జాబితాను ఒకసారి తిరగేయాలి. విదేశీ అత్తర్లు, ఖరీదైన కార్లు అందరి కంటా పడతాయి గనుక నిషేధించడం తేలిక. వర్ధమాన దేశాల దిగుమతి బిల్లులో పెద్ద భాగం మాత్రం చమురు, మందుల ముడిపదార్థాలు, ఎరువులు, యంత్రాలు, ఎగుమతి సరకుల తయారీకి వాడే సామగ్రి మీదనే ఖర్చవుతుంది. శ్రీలంక ఎగుమతుల్లో ప్రధానమైనవి కుట్టిన దుస్తులు. వాటికి కావలసిన గుడ్డలో చాలా భాగం బయటి నుంచే వస్తుంది. గుడ్డ దిగుమతి ఆపిన మరుసటి నెలలోనే దుస్తుల ఎగుమతి ఆగిపోతుంది, డాలర్ల రాక ఇంకా తగ్గిపోతుంది.

మీ ఆలోచనను దాదాపు అక్షరాలా అమలు చేసిన దేశం ఒకటి ఉంది. 1980ల ఆరంభంలో రుమేనియాకు సుమారు 1,000 కోట్ల డాలర్ల విదేశీ అప్పు ఉండేది. దానిని పైసాతో సహా తీర్చివేయాలని నిర్ణయించిన నియంత చౌషెస్కు ప్రభుత్వం దిగుమతులను కోసివేసి, దేశంలో పండిన ఆహారాన్ని సైతం ఎగుమతులకు మళ్లించింది. ప్రజలకు ఆహారంలో, విద్యుత్తులో, చలికాలంలో ఇళ్లను వెచ్చబరిచే ఉష్ణంలో రేషన్ విధించారు. 1989 వసంతానికి అప్పు తీరింది. ఆ డిసెంబరులోనే ప్రజలు ఆ ప్రభుత్వాన్ని కూలదోశారు. పదేళ్లపాటు కొత్త యంత్రాలు రాని కర్మాగారాలు ఆ తరువాత బయటి పోటీకి తట్టుకోలేకపోయాయి. అల్బేనియా ఇంకా ఒక అడుగు ముందుకు వేసి, విదేశీ రుణం తీసుకోకూడదని 1976లో తన రాజ్యాంగంలోనే రాసుకుంది. అప్పు లేని దేశంగా అది నిలిచింది, ఐరోపాలోని అతి పేద దేశాల్లో ఒకటిగానూ నిలిచింది.

ప్రశ్న: సంక్షోభం వచ్చిపడిన తరువాత ప్రభుత్వం ఏ పనిని ముందు, ఏ పనిని తరువాత చేయాలి? అప్పు కోసం అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గరకు వెళ్లడం తప్ప మార్గమే లేదా?
– ఒక విశ్రాంత బ్యాంకు అధికారి

జవాబు: వృత్తిరీత్యా మీకు తెలిసిన విషయంతోనే మొదలుపెడతాము. ముందు పెట్టెలో ఎంత ఉందో లెక్కపెట్టాలి. కేంద్ర బ్యాంకు ప్రకటించే నిల్వలు వేరు, ఈ వారం ఖర్చు పెట్టుకోగల నిల్వలు వేరు. 1997లో థాయిలాండ్ తన నిల్వలను నిండుగానే చూపింది. రాబోయే తేదీల్లో డాలర్లు ఇస్తామన్న ముందస్తు ఒప్పందాల కింద వాటిలో అధిక భాగం అప్పటికే ఇతరులకు బాకీ పడి ఉందన్న సంగతి జులై 2న తన కరెన్సీ బాత్ విలువను ఒకే చోట నిలబెట్టడం మానేసిన తరువాతే బయటి లోకానికి తెలిసింది. శ్రీలంకలోనూ 2022 మే నాటికి నిజంగా వాడుకోగల నిల్వలు 5 కోట్ల డాలర్ల కన్నా తక్కువేనని ఆర్థిక మంత్రి పార్లమెంటులో చెప్పవలసి వచ్చింది. లెక్క దాచిన ప్రతి వారం దేశానికి నష్టమే.

తరువాతది అత్యంత కఠినమైన నిర్ణయం, అప్పు చెల్లింపుల గురించినది. తీర్చలేమని తెలిసిపోయిన అప్పును పరువు కోసం మరి కొన్ని నెలలు తీరుస్తూ పోవడం ప్రభుత్వాలు పదే పదే చేసే తప్పు. 2022 జనవరిలో శ్రీలంక 50 కోట్ల డాలర్ల బాండ్లకు సొమ్ము చెల్లించింది. మూడు నెలలు తిరక్కుండానే, ఏప్రిల్ 12న, చెల్లింపులు నిలిపివేస్తున్నామని ప్రకటించింది. ఆ 50 కోట్లతో ఎంత ఇంధనం, ఎన్ని మందులు వచ్చేవో ఆ తరువాతి నెలల్లో పెట్రోలు వరుసల్లో నిలబడ్డవారికి తెలుసు. రుణదాతలను ముందే పిలిచి, గడువు పొడిగించమనో అసలులో కొంత వదులుకోమనో అడగడం అవమానకరంగా తోచవచ్చు. నిల్వలు ఇంకా చేతిలో ఉండగా అడిగిన దేశానికి బేరమాడే శక్తి ఉంటుంది, ఖాళీ చేతులతో అడిగిన దేశానికి ఉండదు.

మిగిలిన డాలర్లను ఎవరికి ఇవ్వాలన్న విషయంలో మందులు, వంటకు, రవాణాకు ఇంధనం, విత్తనాలు, ఎగుమతిదారుల ముడిసరకు అనే వరుసను ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించి దానికి కట్టుబడాలి. శ్రీలంక 2022 జులైలో ప్రవేశపెట్టిన ఇంధన పాసు పద్ధతిలో ప్రతి వాహనానికీ వారానికి ఇంత అని కోటా నిర్ణయించి, క్యూఆర్ కోడ్ ద్వారా పంపిణీ చేశారు. దానివల్ల ఇంధనం పెరగలేదు, కానీ రోజుల తరబడి సాగిన వరుసలు తగ్గాయి. కొరతను సమానంగా పంచడం కూడా పరిపాలనే.

కరెన్సీ విలువ సంగతికి వస్తే, దానిని కృత్రిమంగా నిలబెట్టడం కోసం నిల్వలు కరిగించడం కన్నా తగ్గనివ్వడమే మేలని మేము భావిస్తున్నాము. లెబనాన్ తన పౌండును 1997 నుంచి డాలరుకు 1,507.5 దగ్గర కట్టిపెట్టి ఉంచింది. అంత ఖరీదైన కరెన్సీతో దిగుమతులు చవక, స్వదేశీ ఉత్పత్తి దండుగ అన్న పరిస్థితి ఏర్పడింది. 2020 మార్చిలో దేశం అప్పు ఎగవేసిన తరువాత ఆ కరెన్సీ తన విలువలో 90 శాతానికి పైగా కోల్పోయింది. విలువ తగ్గితే దిగుమతి వస్తువుల ధరలు మండిపోతాయనడంలో సందేహం లేదు. కానీ ఏ నిషేధమూ లేకుండానే దేశంలో తయారయ్యే వస్తువు గిట్టుబాటవుతుంది, ఎగుమతి లాభసాటి అవుతుంది. ఆ భారం పేదల మీద పడకుండా నేరుగా నగదు సాయం అందించవలసిన బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.

విలువ పడిపోతున్నప్పుడు సొమ్ము దేశం దాటిపోకుండా తలుపు బిగించడాన్ని ఒకప్పుడు ఆర్థికవేత్తలు పాపంగా చూసేవారు. 1998 సెప్టెంబరులో మలేసియా ప్రధాని మహాథిర్ పెట్టుబడుల తరలింపుపై ఆంక్షలు విధించి, తన కరెన్సీ రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర స్థిరపరిచినప్పుడు దేశం మునిగిపోతుందని చాలామంది జోస్యం చెప్పారు. అది జరగలేదు. మలేసియా ద్రవ్యనిధి రుణం కూడా తీసుకోలేదు. పదేళ్ల తరువాత, 2008లో, మూడు పెద్ద బ్యాంకులూ కుప్పకూలిన ఐస్‌లాండ్ అదే పని చేసింది. విశేషమేమిటంటే, ఈసారి ద్రవ్యనిధి అంగీకారంతోనే చేసింది. అయితే ఇటువంటి తలుపు మూసినంత సులభంగా తెరుచుకోదు. ఐస్‌లాండ్ తన ఆంక్షలను చాలావరకు ఎత్తివేసేసరికి 2017 వచ్చింది.

ఇక ద్రవ్యనిధి గురించి. మలేసియా వెళ్లకుండా గడుపుకోగలిగిందంటే, దాని విదేశీ అప్పు, ముఖ్యంగా స్వల్పకాలిక అప్పు, పొరుగు దేశాల కన్నా తక్కువగా ఉండడం ఒక కారణం. నిల్వలు పూర్తిగా అడుగంటిన దేశానికి ఆ సౌకర్యం ఉండదు. ద్రవ్యనిధి షరతుల్లో అన్నీ మంచివి కావు, అన్నీ చెడ్డవీ కావు. పన్ను వసూలు పెంచమనడం మాత్రం, ఎవరు చెప్పినా చెప్పకపోయినా, స్వావలంబన కోరుకునే దేశం తనంతట తాను చేసుకోవలసిన పని. 2019 చివరలో శ్రీలంక విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించింది. సొంత ప్రజల నుంచి పన్ను అడగడానికి జంకే ప్రభుత్వం పరాయి వారిని అప్పు అడగక తప్పదు.

ప్రశ్న: కనీసం తిండిగింజల విషయంలోనైనా దేశం బయటి వారి మీద ఆధారపడకూడదు కదా? దానికి సంక్షోభమే సరైన సమయం అనిపిస్తోంది.
– ఒక రైతు

జవాబు: లక్ష్యం సరైనదేనండీ. సమయం గురించే మా సందేహం. పొలం ప్రభుత్వ ఉత్తర్వును బట్టి కాక రుతువును బట్టి నడుస్తుందన్న సంగతి మాకన్నా మీకే బాగా తెలుసు. 2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించింది. సేంద్రియ సాగు ఆశయం పైకి చెప్పిన కారణమైనా, ఎరువులకు అయ్యే డాలర్లు మిగులుతాయన్న లెక్క కూడా దాని వెనుక ఉంది. ఆ ఏడాది చివరికే నిషేధాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఈలోగా వరి దిగుబడి పడిపోయి, బియ్యం విషయంలో దాదాపు స్వయం సమృద్ధి సాధించిన దేశం బియ్యం దిగుమతి చేసుకుంది. డాలర్లు తెచ్చిపెట్టే తేయాకు పంట కూడా దెబ్బతింది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

దీనికి పూర్తి భిన్నమైన అనుభవం 1960ల నాటి భారతదేశానిది. 1965, 1966 సంవత్సరాల్లో వరుసగా కరువు వచ్చినప్పుడు ఆ ఒక్క 1966లోనే సుమారు కోటి టన్నుల ధాన్యం దిగుమతి అయింది, అందులో చాలా భాగం అమెరికా రాయితీ గోధుమ. డాలర్లకు కటకటగా ఉన్న ఆ సంవత్సరంలోనే, రూపాయి విలువను తగ్గించిన ఆ సంవత్సరంలోనే, ఆహార మంత్రి సి.సుబ్రహ్మణ్యం మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి రకం గోధుమ విత్తనాన్ని దిగుమతి చేయించారు. ఎం.ఎస్.స్వామినాథన్ వంటి శాస్త్రవేత్తలు ఆ రకాలను అప్పటికే ఇక్కడి నేలల్లో పరీక్షించి చూశారు. విత్తనంతో పాటు ఎరువు, నీరు, మద్దతు ధర, కొనుగోలు వ్యవస్థ కూడా రైతుకు అందాయి. 1964-65లో సుమారు 1.2 కోట్ల టన్నులున్న గోధుమ ఉత్పత్తి 1969-70 నాటికి 2 కోట్ల టన్నులకు చేరింది. దిగుమతిని తగ్గించడానికి ముందు ఒక దిగుమతి చేయవలసి వచ్చిందన్న విషయాన్ని గమనించండి. ఏ దిగుమతి రేపటి దిగుమతిని తగ్గిస్తుందో గుర్తించి, డాలర్లు ఎంత తక్కువగా ఉన్నా దానిని కోతకు గురి కాకుండా కాపాడగలిగిన దేశమే తరువాత నిలబడింది.

ఆహారం కన్నా ఇంధనం మరింత మొండి సమస్య. దిగుమతి బిల్లులో అతి పెద్ద పద్దు చాలా దేశాల్లో చమురే గనుక దాని గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పక తప్పదు. 1973లో చమురు ధర నాలుగింతలైనప్పుడు ఐస్‌లాండ్ ఇళ్లను వెచ్చబరచడానికి వాడే చమురును వదిలి భూగర్భ వేడినీటి వైపు మళ్లింది. నేడు అక్కడ దాదాపు 90 శాతం ఇళ్లకు ఆ వేడే ఆధారం. 2008లో బ్యాంకులు కూలినా ఆ ఇళ్లు చల్లబడలేదు. అదే 1973లో తనకు కావలసిన చమురులో సుమారు 80 శాతం బయటి నుంచి కొంటున్న బ్రెజిల్ 1975లో చెరకు నుంచి ఇథనాల్ తీసి వాహనాలకు వాడే పథకం ఆరంభించింది. అది చమురు వాడకాన్ని నిజంగానే తగ్గించింది. అయినా బ్రెజిల్ 1987 ఫిబ్రవరిలో విదేశీ అప్పుల వడ్డీ చెల్లింపులు నిలిపివేయవలసి వచ్చింది, ఎందుకంటే 1970ల అభివృద్ధి పథకాల్లో చాలావాటికి డాలర్లలో, మారే వడ్డీ రేట్ల మీద అప్పులు తెచ్చుకుంది. ఇంధనంలో స్వావలంబన వైపు నడుస్తూనే అప్పులో పరాధీనమైన దేశం అది.

ప్రశ్న: సొంత నోట్ల ముద్రణాలయం ఉన్న దేశం అప్పు ఎందుకు ఎగవేయాలి?
– ఒక గృహిణి

జవాబు: అప్పు సొంత కరెన్సీలో ఉంటే ఎగవేయవలసిన అగత్యం చాలా అరుదు. జపాన్ ప్రభుత్వ అప్పు దేశ వార్షిక ఉత్పత్తికి రెండింతలకు పైగా ఉన్నా, అది యెన్లలోనే, ఎక్కువగా స్వదేశంలోని వారికే బాకీ ఉన్నందున అక్కడ చెల్లింపుల సంక్షోభం రాలేదు. డాలర్లలో అప్పున్న దేశం సొంత నోట్లు ముద్రించి డాలర్లు కొనబోతే ఆ నోట్ల విలువే పడిపోతుంది. అందువల్ల ఎంత అప్పు ఉంది అని అడిగే ముందు ఏ కరెన్సీలో ఉంది, ఎన్ని నెలల్లో తీర్చాలి అని అడగాలి. రాబోయే ఏడాదిలోగా తీర్చవలసిన విదేశీ అప్పుకు సమానంగానైనా నిల్వలు ఉండాలన్న సూత్రం 1990ల చివరి ఆసియా సంక్షోభం తరువాత అందరికీ ఆమోదయోగ్యమైంది.

ప్రశ్న: స్వదేశీ పరిశ్రమలను సుంకాలతో కాపాడడం మంచిదా, చెడ్డదా? రెండు రకాల వాదనలూ చదివి అయోమయంలో పడ్డాను.
– ఒక పోటీ పరీక్షల అభ్యర్థి

జవాబు: ఎలా కాపాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత రౌల్ ప్రెబిష్ వంటి ఆర్థికవేత్తల ఆలోచనల ప్రభావంతో లాటిన్ అమెరికా దేశాలు దిగుమతి ప్రత్యామ్నాయ విధానాన్ని, అంటే బయటి నుంచి తెచ్చుకునే వస్తువులను సుంకాల రక్షణలో దేశంలోనే తయారు చేసుకునే విధానాన్ని, విస్తృతంగా అనుసరించాయి. కర్మాగారాలు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. కానీ ఆ కర్మాగారాలకు యంత్రాలు బయటి నుంచే రావాలి, వాటి ఉత్పత్తి మాత్రం సుంకాల గోడ లోపలే అమ్ముడుపోవాలి. అంటే డాలర్లు ఖర్చు చేసే పరిశ్రమలే తప్ప సంపాదించే పరిశ్రమలు తగినన్ని ఏర్పడలేదు. ఆ తేడాను అప్పులతో పూడ్చుకుంటూ పోగా, 1982 ఆగస్టులో మెక్సికో ఇక చెల్లించలేనని చెప్పడంతో సంక్షోభం ఖండమంతటా పాకింది. దక్షిణ కొరియా కూడా తన పరిశ్రమలను కాపాడింది, విదేశీ కార్లను చాలా కాలం రానివ్వలేదు. అయితే చవక రుణం కావాలనుకునే సంస్థ ఎగుమతి చేసి చూపాలన్న నిబంధన పెట్టింది. బయటి విపణిలో అమ్ముడుపోని సరకు తయారు చేసే సంస్థకు రక్షణ కొనసాగేది కాదు.

గడువు చెప్పకుండా ఇచ్చే రక్షణను తరువాత తీసివేయడం ఏ ప్రభుత్వానికైనా కష్టమే, ఎందుకంటే దాని మీద బతికే వర్గం అప్పటికి బలపడిపోతుంది. మరొక చిక్కు ఏమిటంటే, అందరూ ఒకేసారి గోడలు కట్టుకుంటే ఎవరి సరకూ ఎవరూ కొనరు. 1930లో అమెరికా సుంకాలు పెంచిన తరువాత ఇతర దేశాలూ అదే బాట పట్టాయి. ఆర్థిక మాంద్యం, ఈ సుంకాల పోటీ కలిసి, 1929 తరువాత నాలుగైదేళ్లలో ప్రపంచ వాణిజ్యపు విలువ దాదాపు మూడింట రెండు వంతులు పడిపోయింది.

ప్రశ్న: కొరియా ప్రజలు బంగారం ఇచ్చి దేశాన్ని అప్పుల నుంచి బయటపడేశారని విన్నాను. ఇతర దేశాల ప్రజలు ఎందుకు అలా చేయరు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు

జవాబు: మీరు విన్నది జరిగిన విషయమే. 1998 ఆరంభంలో సుమారు 35 లక్షల మంది కొరియన్లు ఉంగరాలు, పతకాలు, గొలుసులు తెచ్చి ఇచ్చారు, మొత్తం దాదాపు 227 టన్నుల బంగారం పోగైంది. అది పూర్తిగా దానం కాదు. ఇచ్చిన చాలామందికి దాని విలువను తరువాత స్వదేశీ కరెన్సీలో చెల్లించారు. ఆ బంగారం ఎగుమతి వల్ల వచ్చింది సుమారు 200 కోట్ల డాలర్లు. అదే సంవత్సరం కొరియా వర్తమాన ఖాతాలో, అంటే విదేశాల నుంచి వచ్చిన రాబడిలో అక్కడి ఖర్చులు పోను, మిగిలినది సుమారు 4,000 కోట్ల డాలర్లు. కొరియా కరెన్సీ వాన్ విలువ పడిపోవడంతో దిగుమతులు మూడో వంతు తగ్గిపోవడం, ఎగుమతి పరిశ్రమలు నిలదొక్కుకోవడం ఆ మిగులుకు కారణాలు. ద్రవ్యనిధి రుణాన్ని గడువుకు మూడేళ్ల ముందే, 2001 ఆగస్టులో, తీర్చివేయగలగడానికి అసలు ఆధారం ఇదే.

బంగారం చేసిన పని వేరే ఉంది. ఆ ఏడాది నిరుద్యోగం 2.6 నుంచి 7 శాతానికి ఎగబాకింది, కొన్ని బ్యాంకులు మూతపడ్డాయి, పెద్ద వ్యాపార సమూహాలు పడిపోయాయి. కష్టం అందరిదీ అన్న భావన కలగకపోతే అంతటి కోతలను ఏ సమాజమూ మౌనంగా భరించదు. 2001 డిసెంబరులో అర్జెంటీనా ప్రభుత్వం ఖాతాదారులు వారానికి 250 పెసోలకు మించి నగదు తీసుకోకూడదని నిర్ణయించింది. పెద్ద మొత్తాలు అంతకు ముందే దేశం దాటిపోయాయని జనానికి తెలుసు. ఆ నెలలోనే వారు గిన్నెలు మోగిస్తూ వీధుల్లోకి వచ్చారు, అధ్యక్షుడు రాజీనామా చేసి హెలికాప్టరులో వెళ్లిపోయాడు.